బండి సరే, రాత్రి రెండింటికి ఫోను ఎత్తేదెవరు?

పోయిన సంచికలో మా ఊరి కుర్రాళ్లు నడిపే ఉచిత అంబులెన్సు గురించి నాలుగు ముక్కలు రాస్తే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. ప్రభుత్వాసుపత్రి క్యాజువాల్టీలో స్టాఫ్ నర్సుగా ముప్పయ్యేళ్లు చేసి రిటైరయ్యాను, ఆ తర్వాత తొమ్మిదేళ్లుగా ఆ పిల్లలతోనే తిరుగుతున్నాను. మా ఊరి నుంచి పెద్దాసుపత్రికి గంటన్నర దారి, ఈ జవాబుల్లో చాలావరకు ఆ దారిలో నేర్చుకున్నవే. అన్నిటికీ చోటు చాలదు కాబట్టి ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాను.

ప్రశ్న: సిస్టర్‌గారూ, మాది మార్కాపురం దగ్గర చిన్న టౌను. పోయిన సంక్రాంతికి మా స్నేహితుడు బైకు యాక్సిడెంటులో పోయాడు, ఆసుపత్రికి చేర్చేసరికే ఆలస్యమైపోయింది. వాడి పేరు మీద అంబులెన్సు పెడదామని పన్నెండు మందిమి కలిసి 6 లక్షలు పోగుచేశాం. సెకండ్‌హ్యాండ్ ఓమ్నీ ఒకటి చవగ్గా వస్తోంది, బేరం కూడా కుదిరింది. కొనేయమంటారా?

జవాబు: తమ్ముడూ, మీ ఉత్తరం చదివి మనసు కలుక్కుమంది. అయినా ఉన్నమాట చెబుతాను, ఇప్పుడే కొనొద్దు. మీలాగే స్నేహితుడి కోసమో, తండ్రి జ్ఞాపకంగానో బండి కొని, రిబ్బను కత్తిరించి, ఫొటోలు దిగి, ఏడాది తిరక్కుండానే దాన్ని షెడ్డులో పెట్టేసిన ఊళ్లు నాకు తెలిసినవే మూడున్నాయి. వాళ్లలో ఒక్కరికీ మనసులో లోపం లేదు. కొనడానికి డబ్బిచ్చినవాళ్లు నడపడానికి ఇవ్వలేదు, పగలు బండి ఎక్కడానికి పోటీపడ్డవాళ్లు రాత్రి ఫోను ఎత్తలేదు, అంతే జరిగింది.

ముందు ఒక నెల ఈ పని చేయండి. బండి లేకుండానే, ఒక్క ఫోన్ నంబరు పెట్టుకుని, పన్నెండు మందీ వంతులు వేసుకుని రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటిదాకా ఆ ఫోనుకి కాపలా ఉండండి. మీలోనే ఒకరు ఏ వేళప్పుడో, చెప్పకుండా, ఆ నంబరుకి ఫోన్ చేయాలి. ఎన్నో రింగుకి ఎత్తారు, ఎంతసేపట్లో చొక్కా వేసుకుని బజారులోకి వచ్చారు, ఇవి రాసుకోండి. నెలాఖరుకి పన్నెండు మందిలో ఎంతమంది మిగిలారో చూసుకుని అప్పుడు బండి సంగతి మాట్లాడుకుందాం. మా ఊళ్లో పద్నాలుగు మందితో మొదలుపెడితే నెల తిరిగేసరికి ఆరుగురు మిగిలారు, ఆ ఆరుగురితోనే బండి నడిచింది. మిగతావాళ్ల మీద నాకు కోపం లేదు. పొద్దున్నే డ్యూటీకి పోవాల్సినవాడు, పసిపిల్ల ఉన్నవాడు రాత్రి రాలేడు, అలాంటివాళ్లకి పగటిపూట లెక్కలు రాయడం, చందాలు వసూలు చేయడం అప్పజెప్పాం.

ఇక ఓమ్నీ సంగతి. దాని తయారీ 2019లోనే ఆగిపోయింది, అంటే మీకొచ్చేది ఎంత లేదన్నా పాత బండి. వయసు మాట అటుంచితే నా అసలు అభ్యంతరం దాని పైకప్పు. గుండె ఆగిన మనిషికి ఛాతీ మీద నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండు అంగుళాల లోతున నొక్కాలి, దానికి చేతులు నిటారుగా పెట్టి ఒంటి బరువంతా వేయాలి. ఓమ్నీలో మనిషి మోకాళ్ల మీద కూర్చున్నా తల పైకి తగులుతుంది, నడుం వంచి నొక్కితే బలం దిగదు. వింగర్, ట్రావెలర్ లాంటి ఎత్తయిన బండి పాతదైనా సరే చూడండి. కేంద్రం అంబులెన్సులకు ఏఐఎస్-125 అని ఒక ప్రమాణం పెట్టింది, అందులో ఏ, బీ, సీ, డీ అని నాలుగు రకాలున్నాయి. బీ అంటే రోగిని పడుకోబెట్టి తీసుకెళ్లేది, సీ అంటే ప్రాథమిక ప్రాణరక్షణ సామాను ఉన్నది, డీ అంటే వెంటిలేటర్‌తో సహా ఉన్నది. మీబోటి ఊరికి బీ చాలు. కాకపోతే ఐసీయూ బండి అని రాయించుకోకండి, దాన్ని నమ్మి వెంటిలేటర్ మీదున్న మనిషిని ఎక్కిస్తే ఆ పాపం మీ మెడకి చుట్టుకుంటుంది. ఆర్టీఓ ఆఫీసులో అంబులెన్సుగానే రిజిస్టరు చేయించండి. బండి ఒకరి సొంత పేరు మీద వద్దు. రేపు మీలో మీకు మాట తేడా వస్తే బండి ఎవరింటి ముందు ఆగాలి? సొసైటీ పెట్టుకోండి, 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే చాలు.

ఒక సంగతి చెబుతాను, ఇది మాకు జరిగిందే. రెండో ఏడాది, కార్తీక మాసం, రాత్రి రెండింటికి ఫోను. ఆయాసంతో ఒక పెద్దాయన, మంచం మీద కూర్చుని రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి ఊపిరి లాగుతున్నాడు, పెదాలు నీలం తిరిగాయి. బండి పది నిమిషాల్లో వెళ్లింది. మాస్కు పెట్టాను, గొట్టం తగిలించాను, సిలిండర్ తెరుద్దామంటే కీ లేదు. సాయంత్రం సిలిండర్ మార్చిన కుర్రాడు దాన్ని జేబులో వేసుకుని ఇంటికెళ్లి చొక్కా మార్చుకున్నాడు. బండిలో ఉన్న కటింగ్ ప్లయరుతో తిప్పితే జారిపోతోంది, వాల్వు కదల్లేదు. పక్కవీధిలో సైకిల్ షాపాయన్ని లేపి స్పానరు తెచ్చి తెరిచేసరికి ఎంతసేపైందో నాకిప్పటికీ చెప్పబుద్ధి కాదు. ఆ పెద్దాయన బతికాడు, మూడు వారాలు ఆసుపత్రిలో ఉండి నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. ఆ మర్నాడే కీకి నైలాను తాడు కట్టి సిలిండర్ మెడకి ముడివేశాం. ఇంకో కీ డ్రైవరు సీటు వెనక మేకుకి వేలాడుతూ ఉంటుంది. మీరు బండి కొన్న రోజే ఈ రెండు పనులూ చేయండి.

ఆక్సిజన్ లెక్క కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఇది చాలామందికి తెలియదు. మన బండ్లలో ఉండే బీ సైజు సిలిండర్ నిండుగా ఉంటే సుమారు 1,500 లీటర్లు. మాస్కుతో నిమిషానికి 10 లీటర్లు పెడితే రెండున్నర గంటలు వస్తుంది. మీటరు ముల్లు సగంలో ఉంటే గంటా పావు. మా దారి గంటన్నర! అంటే సగం సిలిండర్‌తో బయల్దేరితే ఊరి పొలిమేరలో, ఆసుపత్రి గేటు ఇంకా పావుగంట ఉందనగా అయిపోతుంది. అందుకే మేం ముల్లు సగానికి వచ్చిందంటే మార్చేస్తాం, ఇంకా ఉంది కదా అని ఎవరన్నా ఊరుకోం.

నెల ఖర్చు మాకు డ్రైవరు జీతం, డీజిలు, ఆక్సిజన్ కలిపి 30 వేలు దాటుతుంది, టైర్లు, బ్యాటరీ, బీమా, ఫిట్‌నెస్ వేరే. మీ 6 లక్షల్లో మూడున్నరకి మించి బండి మీద పెట్టకండి, మిగిలింది బ్యాంకులో ఉంచుకోండి. మొదటి ఏడాది చందాలు రాని నెలలు తప్పకుండా ఉంటాయి.

ప్రశ్న: 108 ఉంది కదండీ, మళ్లీ ఊరికో స్వచ్ఛంద అంబులెన్సు ఎందుకు? గవర్నమెంటు చేసే పనిలో మనం వేలు పెట్టడం కాదా? (ఒక రిటైర్డ్ టీచరు, జనగామ)

జవాబు: మాస్టారూ, మంచి ప్రశ్న వేశారు. 108 అంటే నాకెంతో గౌరవం. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైనప్పుడు నేను సర్వీసులో ఉన్నాను, అంతకు ముందు క్యాజువాల్టీకి మనుషులు ఎలా వచ్చేవారో కళ్లారా చూశాను. ట్రాక్టరు ట్రక్కులో వరిగడ్డి మీద పడుకోబెట్టి, రిక్షాలో ఒళ్లో తల పెట్టుకుని, ఆటోలో కాళ్లు బయటికి వేలాడుతుండగా. ఆ బండ్లొచ్చాక ఎన్ని కాన్పులు దారిలోనే క్షేమంగా జరిగాయో. అందులో డ్రైవర్ని పైలట్ అంటారు, ఆ పేరుకి వాళ్లు తగినవాళ్లే. ఆంధ్రలో 2020 జులై 1న విజయవాడలో 108, 104 బండ్లు కలిపి 1,088 ఒకేరోజు రోడ్డెక్కాయి.

అందుకే మా నియమం ఇదీ. మాకు ఫోన్ వస్తే మొదట అడిగేది, 108కి చేశారా అని. బండి దగ్గర్లో ఉంటే వాళ్లే వెళ్లాలి, వాళ్ల దగ్గర ఈఎంటీ, అంటే దారిలో చికిత్స చేయడానికి ట్రైనింగ్ తీసుకున్న మనిషి, ఉంటాడు, మందులుంటాయి. ఉన్న ఒక్క బండీ అప్పుడే ఇంకో కేసుతో పెద్దాసుపత్రి దారిలో ఉందనుకోండి, రానూపోనూ మూడు గంటలు ఊళ్లో బండి లేనట్టే కదా, అప్పుడు మేం కదులుతాం. కొన్నిసార్లు మేం ఎదురెళ్లి దారి మధ్యలో రోగిని వాళ్ల బండిలోకి మార్చిన రోజులూ ఉన్నాయి.

పోటీ ఎక్కడా లేని పనులు బోలెడున్నాయి. ఎమర్జెన్సీ కాని ప్రయాణాలు చూడండి. వారానికి రెండుమూడుసార్లు డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు, తుంటి ఎముక ఆపరేషనయి డిశ్చార్జి అయిన ముసలమ్మ, పక్షవాతం వచ్చి చెకప్‌కి పోవాల్సిన మనిషి. బాలింతల్ని ఇంటికి దించడానికి ఆంధ్రలో తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్, తెలంగాణలో 102 ఉన్నాయి, ఈ మిగతావాళ్లకి ఎవరున్నారు? ప్రైవేటు బండి అడిగినంత ఇచ్చుకోవాలి, లేదంటే ఆటో. తుంటి విరిగిన మనిషి ఆటోలో గతుకుల రోడ్డు మీద గంటన్నర కూర్చోవడం ఎలా ఉంటుందో ఆలోచించండి.

శవాల సంగతి మరీ ఘోరం. 2022 ఏప్రిల్‌లో తిరుపతిలో పదేళ్ల కొడుకు చనిపోతే, అక్కడి అంబులెన్సులవాళ్లు అడిగిన డబ్బు ఇచ్చుకోలేక, బయటి నుంచి వచ్చిన బండిని వాళ్లు రానివ్వక, ఆ తండ్రి బిడ్డని బైకు మీద 90 కిలోమీటర్లు తీసుకెళ్లాడు. పేపర్లలో అందరూ చదివే ఉంటారు. ఆ రాత్రి మా కుర్రాళ్లు ఎవరూ మాట్లాడలేదు. మర్నాటి నుంచి శవాన్ని ఇంటికి చేర్చడం కూడా మా పనే అని రాసుకున్నాం. దానికి వేరే స్ట్రెచరు, వేరే దుప్పట్లు, వచ్చాక బండి కడగడం, ఇవన్నీ ఉంటాయి, అయినా చేస్తున్నాం. ప్రభుత్వానివి మహాప్రస్థానం బండ్లు ఉన్నచోట ముందు వాళ్లకే ఫోన్ చేస్తాం.

ప్రశ్న: అమ్మా, మావారు మా ఊరి అంబులెన్సులో వాలంటీరు. అర్ధరాత్రి ఫోను మోగితే వెళ్లిపోతారు. రోడ్డు యాక్సిడెంటు కేసులంటే నాకు ఒకటే టెన్షన్, పోలీసులు, కోర్టులు అని తిప్పుతారేమోనని. పోయిన నెల దారిలోనే ఒక కుర్రాడు చనిపోయినప్పటి నుంచి ఆయన సరిగ్గా అన్నం తినడం లేదు, అడిగితే ఏమీ లేదంటారు. మానెయ్యమని చెప్పనా? (ఒక గృహిణి, నర్సీపట్నం)

జవాబు: అమ్మాయ్, రెండు విషయాలు కలిపి అడిగావు. పోలీసుల సంగతి తేలిక, అదే ముందు చెబుతాను. రోడ్డు ప్రమాదంలో పడ్డవాళ్లని కాపాడినవాళ్లని ఎవరూ వేధించకూడదని సుప్రీంకోర్టు 2016లో మార్గదర్శకాలను ఆమోదించింది, 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ అనే సెక్షన్ చేర్చి దాన్ని చట్టమే చేశారు. ఏ ప్రతిఫలం ఆశించకుండా, మంచి మనసుతో సాయం చేసినవాడి మీద, ఆ మనిషి బతక్కపోయినా, కేసు పెట్టడానికి లేదు. పేరు చెప్పమని బలవంతం చేయకూడదు, సాక్షిగా ఉంటావా అంటే అది మీ ఆయన ఇష్టం. ఆసుపత్రివాళ్లు ఆయన్ని ఆపేయకూడదు, డబ్బు కట్టమనకూడదు. ఇంకోటి, రోడ్డు ప్రమాద బాధితులకి ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా వైద్యం చేసే పథకాన్ని కేంద్రం 2025 మేలో తెచ్చింది, అది గుర్తింపున్న ఆసుపత్రుల్లో వర్తిస్తుంది. ఈ మాట మీ ఆయన జేబులో కాగితం మీద రాసి పెట్టు, క్యాజువాల్టీ గుమ్మంలో చూపించడానికి పనికొస్తుంది. అయితే బండి నడుపుతూ ఎవరినైనా గుద్దితే మాత్రం ఈ రక్షణ పనికిరాదు, దానికి బండి బీమా, డ్రైవరు లైసెన్సు సరిగ్గా ఉండాలి. అవి నువ్వే ఒకసారి అడిగి చూడు.

ఇక అన్నం తినకపోవడం. అదేమీ లేదు అంటున్నాడంటే ఉందన్నమాటే. చేతుల్లో పోయిన ప్రాణం అంత త్వరగా చేతులు వదలదమ్మా. నా మొదటి ఏడాది సర్వీసులో ఒక పసిబిడ్డ పోయింది, నెలరోజులు చేతులు కడుక్కుంటూనే ఉన్నాను. అప్పుడు మా హెడ్ సిస్టరు నన్ను స్టోర్ రూములో కూర్చోబెట్టి, ఏం జరిగిందో మొదటి నుంచి చివరిదాకా చెప్పించింది, మధ్యలో ఒక్క మాటా అనలేదు. ఇప్పుడు మా టీములో అదే చేస్తాం. అలాంటి కేసు అయితే మర్నాడు సాయంత్రం అందరం కూర్చుంటాం, టీ తాగుతాం, వెళ్లినవాళ్లు చెబుతారు. ఆ వారం వాళ్లకి రాత్రి వంతు వేయం. మీ ఆయన టీములో ఇలా కూర్చునే అలవాటు లేకపోతే పెట్టించమని వాళ్ల పెద్దకి నా మాటగా చెప్పు. మూడు నాలుగు వారాలైనా నిద్ర, తిండి దారికి రాకపోతే డాక్టరుకి చూపించు, ఆలస్యం చేయొద్దు. మానెయ్యమని మాత్రం నువ్వు అనకు, కొన్నాళ్లు పగటిపూట పని చేయమని అను.

ప్రశ్న: ఖాళీ అంబులెన్సులు కూడా సైరన్ వేసుకుని పోతున్నాయి, నా కళ్లతో చూశాను. అలాంటప్పుడు దారి ఎందుకివ్వాలి? (ఒక పాఠకుడు, విజయవాడ)

జవాబు: ఇవ్వాలి నాయనా. రోగి దగ్గరికి వెళ్లే బండి కూడా ఖాళీగానే ఉంటుంది, అప్పుడే అసలు తొందర. దారి ఇవ్వకపోతే 2019 సవరణ తర్వాత జరిమానా 10 వేల రూపాయలు. టిఫిన్ కోసం సైరన్ వేసేవాళ్లు లేరని నేననను, అలాంటివాళ్ల వల్ల మాలాంటివాళ్లకి దారి దొరకడం లేదు, నంబరు రాసుకుని ఫిర్యాదు చేయండి. మా బండిలో సైరన్ ఎప్పుడు వేశామో, ఎందుకు వేశామో పుస్తకంలో రాయాలి.

ప్రశ్న: నమస్తే ఆంటీ, వర్జీనియాలో ఉంటున్నాం. ఇక్కడ మా కౌంటీలో వాలంటీర్ రెస్క్యూ స్క్వాడ్‌లో చేరి 150 గంటలకు పైగా ట్రైనింగ్ తీసుకుని ఈఎంటీ అయ్యాను, వారానికో రాత్రి డ్యూటీ. మా అమ్మగారి ఊరు కావలి పక్కన, అక్కడా ఇలాంటిదే పెట్టిద్దామని ఇక్కడి మనవాళ్లం అనుకుంటున్నాం. కొత్త బండి పంపిస్తే సరిపోతుందా?

జవాబు: అమ్మా, నువ్వు ఉన్న రాష్ట్రమే ఈ పనికి పుట్టిల్లు లాంటిది. రోనోక్‌లో జూలియన్ వైజ్ అనే ఆయన చిన్నప్పుడు నదిలో ఇద్దరు మునిగిపోతుంటే ఒడ్డున జనం ఏమీ చేయలేక నిలబడిపోవడం చూశాడు, అది మనసులో పెట్టుకుని 1928లో తోటి రైల్వే ఉద్యోగులతో కలిసి స్వచ్ఛంద రెస్క్యూ దళం పెట్టాడు. మీ స్క్వాడ్‌లన్నీ ఆ దారిలో వచ్చినవే. బండి కంటే ముందు మనుషులకి నేర్పుకోవడంతో వాళ్లు మొదలుపెట్టారని గుర్తుంచుకో.

బండి పంపొద్దు. ఐదేళ్లపాటు డ్రైవరు జీతం, ఏటా వాలంటీర్లకి ట్రైనింగు, ఈ రెండూ మీవి అని మాటివ్వండి, బండికి ఊళ్లోవాళ్లు చందా వేసుకుంటారు, అప్పుడే అది వాళ్ల బండి అనిపిస్తుంది. డబ్బు పంపేముందు ఒక సంగతి. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదనలోంచి ఇస్తే అది విదేశీ విరాళం కిందకి రాదు. మీలో అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఇస్తే అది విదేశీ విరాళమే, ఆ సొసైటీకి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉండి తీరాలి, లేకపోతే ఊళ్లో ఉన్న పిల్లలు ఇరుక్కుంటారు. అందుకని ఎవరు ఏ పాస్‌పోర్టో ముందే లెక్క చూసుకోండి. నువ్వు సెలవులకి వచ్చినప్పుడు పది రోజులు కూర్చుని సీపీఆర్ (గుండె ఆగితే ఛాతీ నొక్కడం), రక్తం కారకుండా కట్టు కట్టడం, మనిషిని మెడ కదలకుండా ఎత్తడం నేర్పించు. స్ట్రెచరు తిరగని మేడమెట్ల మీద నుంచి మనిషిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి దించడం మావాళ్లు నీకు నేర్పుతారు, మీ అమ్మగారి ఊళ్లో అన్నీ అలాంటి మెట్లే.

ప్రశ్న: పొలంలో పాము కాటేస్తే బండి వచ్చేలోగా ఏం చేయాలి? మా ఊళ్లో పసరు పోస్తారు. (ఒక రైతు, నాగర్‌కర్నూలు)

జవాబు: అన్నా, పసరు వద్దు, బ్లేడుతో కోయొద్దు, నోటితో పీల్చొద్దు, తాడుతో బిగించి కట్టొద్దు. బిగించిన తాడు వల్ల కాలు పోగొట్టుకున్నవాళ్లని నేను చూశాను. కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్ర పెట్టి వదులుగా గుడ్డ చుట్టండి, ఉంగరాలు, కడియాలు, మొలతాడు తీసేయండి, నడిపించకుండా ఎత్తుకుని తీసుకురండి. పాముని చంపి తేనక్కర్లేదు. మన దగ్గర వాడే విరుగుడు ఇంజెక్షన్ నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకటే. కట్లపాముతో జాగ్రత్త, రాత్రి నిద్రలో కాటేస్తే గాటు కనపడదు, నొప్పీ ఉండదు, తెల్లారేసరికి కడుపునొప్పి అంటారు, కనురెప్పలు వాలిపోతుంటాయి. నేల మీద పడుకున్న మనిషి అలా లేస్తే గ్యాస్ అనుకుని సోడా తాగించి కూర్చోకండి. బండి ఎక్కించేటప్పుడే ఆసుపత్రికి ఫోన్ చేసి విరుగుడు ఉందా అని అడగండి. లేదంటే అక్కడ ఆగకుండా ఉన్నచోటికి వెళ్లాలి.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి. అంబులెన్సులో చేరాలని ఉంది, అమ్మ చిన్నదానివి అంటోంది. నేను చేసే పని ఏమైనా ఉందా? (ఒక విద్యార్థిని, తుని)

జవాబు: బంగారుతల్లీ, బండి ఎక్కడానికి నీకు పద్దెనిమిది నిండాలి, అమ్మ చెప్పింది నిజమే. నీకు వేరే పని ఉంది, అది చేస్తే మాకు చాలా ఉపయోగం. మా బండి ఎక్కువసేపు పోగొట్టుకునేది రోడ్డు మీద కాదు, ఊళ్లోకి వచ్చాక, రాత్రిపూట ఇల్లు ఎక్కడో తెలియక తిరగడంలో. ఫోన్ చేసినవాళ్లు కంగారులో రామాలయం దగ్గర అంటారు, ఊళ్లో రామాలయాలు మూడుంటాయి. నువ్వు, మీ క్లాసు పిల్లలు కలిసి మీ వీధుల్లో ఇల్లిల్లూ తిరిగి, ఒక్కో ఇంటికి చేరడానికి గుర్తులు, బండి పట్టే సందు ఏది, పట్టనిది ఏది, ఒక నోటు పుస్తకంలో బొమ్మ గీసి మీ ఊరి అంబులెన్సువాళ్లకి ఇవ్వండి. వెళ్లిన ప్రతి ఇంట్లోనూ ఇంకో మాట చెప్పండి: ఫోన్ చేశాక ఇంట్లోవాళ్లు అందరూ రోగి చుట్టూ మూగకుండా ఒకరు సందు మొదట్లోకి వచ్చి సెల్‌ఫోన్ టార్చి వెలిగించి నిలబడాలి, గేటు తీసి ఉంచాలి, కుక్కని కట్టేయాలి.